నియంత్రణ మండళ్లను అడిగేదెవరు?
పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

కరెంటు బిల్లుల గురించి ఈ పత్రికలో వచ్చిన వ్యాసానికి స్పందిస్తూ నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలలో ఒక ప్రశ్న పదే పదే కనిపించింది. ధరలూ లైసెన్సులూ నిర్ణయించే నియంత్రణ సంస్థలు మనం ఎన్నుకున్న శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు జవాబు చెప్పవలసిన అవసరం ఉందా, ఉంటే ఎంతవరకు అన్నదే ఆ ప్రశ్న. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి సమాధానం ఇస్తున్నాము.

ప్రశ్న: నెలవారీ వాడకానికి కట్టే మొత్తంతో పాటు, ఇంధన సర్దుబాటు పేరుతో గడిచిపోయిన సంవత్సరాల బాకీ కూడా మా బిల్లులో కలిసి వచ్చింది. ఇదేమిటని మా ఎమ్మెల్యే గారిని అడిగితే, అది విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయమనీ, శాసనసభకు దానితో సంబంధం లేదనీ చెప్పారు. ఇది నిజమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి

సమాధానం: సగం నిజం. రెండో సగం ఆయన మీకు చెప్పలేదు.

ముందు నిజమైన సగం చూద్దాం. 2003 విద్యుత్ చట్టం ప్రకారం ధరల నిర్ణయం రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలిదే. డిస్కంలు, అంటే మనకు కరెంటు పంపిణీ చేసే సంస్థలు, తమ ఖర్చుల లెక్కలతో ప్రతిపాదనలు దాఖలు చేస్తాయి. మండలి వాటిని బయటపెట్టి ప్రజల అభ్యంతరాలు స్వీకరించి, 64వ సెక్షన్ ప్రకారం 120 రోజులలోగా ఆదేశం ఇవ్వాలి. ఆ ఆదేశాన్ని శాసనసభ ఓటింగుకు పెట్టజాలదు, ఇంధన శాఖ మంత్రి తన సంతకంతో మార్చలేరు. దానిపై అప్పీలు ఢిల్లీలోని విద్యుత్ అప్పీలు ట్రిబ్యునల్‌కు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళుతుంది. మీ బిల్లులో కనిపించిన ట్రూ అప్ మొత్తం కూడా అలా వచ్చినదే. డిస్కం కరెంటు కొనడానికి ముందుగా వేసుకున్న అంచనాకూ, నిజంగా అయిన ఖర్చుకూ మధ్య తేడాను తర్వాత వినియోగదారుల నుంచి రాబట్టుకోవడమే ఈ సర్దుబాటు. 2022–23 సంవత్సరానికి డిస్కంలు ఎనిమిది వేల కోట్ల రూపాయలకు పైగా అడగగా, మండలి 2024 అక్టోబరులో కొంత కోత పెట్టి సుమారు రూ.6,072 కోట్లకు అనుమతి ఇచ్చింది. ఆ మరుసటి సంవత్సరపు లెక్కకు మరో రూ.9,412 కోట్లు ఆమోదించింది. ఇంత డబ్బును ప్రజల నుంచి వసూలు చేయించగల సంస్థలో ఒక్కరు కూడా ఓట్లతో గెలిచి వచ్చినవారు కారు.

ఇక ఆయన చెప్పని సగం. అదే చట్టంలోని 104వ సెక్షన్ మండలి పద్దులను ప్రభుత్వ లెక్కల తనిఖీ అధికారి అయిన కాగ్ తనిఖీ చేయాలనీ, ఆ పద్దులు, తనిఖీ నివేదిక రాష్ట్ర శాసనసభ ముందుకు రావాలనీ చెబుతుంది. 105వ సెక్షన్ ప్రకారం మండలి ఏడాదికొకసారి తాను చేసిన పనిపై వార్షిక నివేదిక తయారు చేసి ప్రభుత్వానికి పంపాలి. ప్రభుత్వం దానిని శాసనసభకు సమర్పించాలి. 182వ సెక్షన్ ప్రకారం మండలి చేసే ప్రతి రెగ్యులేషన్ (నిబంధన) కూడా ఉభయ సభల ముందు ఉంచవలసిందే. ప్రజాప్రయోజనంతో ముడిపడిన విధాన విషయాలలో ప్రభుత్వం మండలికి ఆదేశాలు ఇవ్వవచ్చునని 108వ సెక్షన్ అంటుంది. ఆ ఆదేశం ఇచ్చినా ఇవ్వకపోయినా మంత్రి సభలో జవాబు చెప్పుకోవాలి. కాబట్టి మండలి ఏటా సభ గడప తొక్కే మార్గం చట్టంలోనే ఉంది. సభ ముందు ఉంచిన ఆ కాగితాలను ఎవరైనా తెరిచి చదివి, వాటిపై చర్చ కోరారా అన్నదే మీరు మీ ఎమ్మెల్యే గారిని అడగవలసిన అసలు ప్రశ్న.

ఇక్కడే చట్టంలో ఒక లోపం కూడా ఉంది. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి చేసే రెగ్యులేషన్లను 179వ సెక్షన్ కింద పార్లమెంటు ముందు ముప్పై రోజులు ఉంచాలి, ఉభయ సభలూ అంగీకరిస్తే వాటిని సవరించవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. రాష్ట్ర మండలి రెగ్యులేషన్ల విషయంలో చట్టం సభ ముందు ఉంచమని మాత్రమే చెప్పి ఊరుకుంది. సవరించే, రద్దు చేసే అధికారం గురించి ఒక్క మాటా లేదు. అంటే నెల్లూరు ఎంపీకి ఢిల్లీ మండలి మీద ఉన్న పట్టు, కావలి ఎమ్మెల్యేకు సొంత రాష్ట్ర మండలి మీద లేదు. ఈ తేడా కావాలనే పెట్టారో, రాతలో జారిపోయిందో గాని, ఇరవై ఏళ్లు దాటినా దానిని సరిచేయమని ఏ శాసనసభా గట్టిగా అడగలేదన్నది మాత్రం నాకు వింతగానే కనిపిస్తుంది.

మన ప్రజలు ఈ సంబంధాన్ని ఎలా అర్థం చేసుకున్నారో తెలియాలంటే 2000 సంవత్సరం గుర్తుచేసుకోవాలి. 1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టంతో ఏర్పడిన నియంత్రణ మండలి తొలిసారి ధరలు పెంచుతూ ఇచ్చిన ఆదేశం మీద రాష్ట్రమంతా ఉద్యమం లేచింది. ఆ ఏడాది ఆగస్టు 28న నిరసనకారులు బయలుదేరింది అసెంబ్లీ వైపే. బషీర్‌బాగ్ దగ్గర కాల్పులు జరిగినది ఆ దారిలోనే. సంతకం మండలిదైనా జవాబు సభ నుంచే రావాలని జనం ఆనాడే తేల్చుకున్నారు.

ప్రశ్న: నియంత్రణ మండలి సభ్యులను ఎవరు నియమిస్తారు? వారిని తొలగించే అధికారం శాసనసభకు ఉందా?
– న్యాయశాస్త్ర విద్యార్థిని, నెల్లూరు

సమాధానం: హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన ఒకరి అధ్యక్షతన, రాష్ట్ర ప్రధాన కార్యదర్శి, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లేదా కేంద్ర మండలి ఛైర్మన్ సభ్యులుగా ఉండే ఎంపిక కమిటీ పేర్లు సూచిస్తుంది, ప్రభుత్వం నియమిస్తుంది. పదవీకాలం ఐదేళ్లు, వయోపరిమితి 65. దుష్ప్రవర్తన వంటి ఆరోపణపై తొలగించాలంటే అప్పీలు ట్రిబ్యునల్ ఛైర్మన్ విచారించి నివేదిక ఇవ్వాలి. ఈ మొత్తం వ్యవహారంలో శాసనసభకు ఎక్కడా పాత్ర లేదు. తొలగింపులో లేకపోవడం సబబే. అది ఉంటే ధర పెంచిన ప్రతి సభ్యుని మీదా తీర్మానం పడుతుంది. నియామకానికి ముందు సభా సంఘం ఒకటి అభ్యర్థులను పిలిచి మాట్లాడే పద్ధతి మన దేశంలో లేకపోవడం మాత్రం లోటే.

ప్రశ్న: పార్లమెంటు ప్రజా పద్దుల కమిటీ పిలిచినా స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ అధిపతి హాజరు కాలేదని ఆ మధ్య పత్రికలలో చదివాను. పిలిస్తే రాకపోయినా ఏమీ కాదా? ఇదే పని ఒక బ్యాంకు మేనేజరు చేస్తే ఊరుకుంటారా?
– బ్యాంకు ఉద్యోగి, ఒంగోలు

సమాధానం: మీరు చెబుతున్నది 2024 అక్టోబరు 24 నాటి సంగతి. చట్టం ద్వారా ఏర్పడిన నియంత్రణ సంస్థల పనితీరును సమీక్షించాలని ప్రజా పద్దుల కమిటీ తనంతట తాను నిర్ణయించుకుని, అందులో భాగంగా సెబీ వారిని పిలిచింది. అధిపతి వ్యక్తిగత కారణాల వల్ల రాలేనని ఆ ఉదయం కబురు పంపారు, కమిటీ సమావేశాన్ని వాయిదా వేసింది. తర్వాత రగడ అంతా కమిటీకి అలా సొంతంగా ఈ విషయం చేపట్టే అధికారం ఉందా లేదా అన్న పార్టీల వాదులాటగా మారిపోయింది. సెబీ పనితీరు గురించి అడగవలసిన ప్రశ్నలు పక్కకు పోయాయి.

అధికారం విషయానికి వస్తే, వ్యక్తులను రప్పించే, కాగితాలు తెప్పించే హక్కు లోక్‌సభ నియమాల ప్రకారం కమిటీలకు ఉంది. కమిటీ పిలుపును ధిక్కరిస్తే అది సభాహక్కుల ఉల్లంఘన కావచ్చు. కాని కమిటీ తానుగా శిక్ష వేయజాలదు; స్పీకర్ ద్వారా సభకు నివేదించాలి, సభ నిర్ణయించాలి. సభలో మెజారిటీ ప్రభుత్వానిదే కాబట్టి, ప్రభుత్వానికి ఇష్టం లేని చోట ఈ అస్త్రం అమ్ములపొది దాటి బయటికి రావడం అరుదు. ఒక వాయిదా కోరడాన్ని ధిక్కారమని నేను అనను. అయితే ఒక సమావేశం తప్పిపోతే ఆ అంశమే చల్లబడిపోయే స్థితిలో కమిటీలు ఉండటం మంచిది కాదు.

హాజరైన సందర్భాలూ లేకపోలేదు. పెద్ద నోట్ల రద్దు తర్వాత 2017 జనవరిలో రిజర్వు బ్యాంకు గవర్నరు ఉర్జిత్ పటేల్ మొదట ఆర్థిక స్థాయీ సంఘం (ఆర్థిక శాఖ వ్యవహారాలను పరిశీలించే పార్లమెంటు కమిటీ) ముందుకు, రెండు రోజులకే ప్రజా పద్దుల కమిటీ ముందుకు వచ్చారు. ఆయన ఏం చెప్పారో మీకూ నాకూ నేరుగా తెలిసే వీలు లేదు, ఎందుకంటే మన పార్లమెంటు కమిటీలు తలుపులు మూసుకునే సమావేశమవుతాయి. నివేదిక సభకు చేరేదాకా అక్కడి మాటలు రహస్యమే. రాజకీయ నాటకం తగ్గుతుందని ఈ పద్ధతిని సమర్థించేవారు అంటారు. అందులో కొంత నిజం ఉన్నా, బ్యాంకు ముందు వరుసలో నిలబడ్డ మనిషికి ఆ నోట్ల మీద జరిగిన విచారణ వినే హక్కు లేదనడం నాకు మింగుడుపడదు.

ఇంకొక ఉదాహరణ ఇంతకంటే ముఖ్యమైనది. ధరల పెరుగుదలను నాలుగు శాతం దగ్గర, అటూ ఇటూ రెండు శాతం హద్దులో ఉంచడం రిజర్వు బ్యాంకు బాధ్యత. వరుసగా మూడు త్రైమాసికాలు హద్దు దాటితే, ఎందుకు విఫలమైందో, ఏం చేయబోతోందో వివరిస్తూ కేంద్ర ప్రభుత్వానికి నివేదిక ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చట్టం చెబుతుంది. 2022లో మొదటి తొమ్మిది నెలలూ ద్రవ్యోల్బణం ఆరు శాతం దాటే ఉండటంతో, నవంబరు 3న, వడ్డీ రేటు నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీ ప్రత్యేకంగా సమావేశమైన తర్వాత ఆ నివేదిక ప్రభుత్వానికి వెళ్లింది. దానిని బయటపెట్టమని పార్లమెంటులో అడిగినప్పుడు, బహిరంగపరచాలన్న నిబంధన చట్టంలో లేదని ప్రభుత్వం బదులిచ్చింది. బ్రిటన్‌లో ఇటువంటి లేఖను కేంద్ర బ్యాంకు గవర్నరు ఆర్థిక మంత్రికి రాస్తే అది అదే సమయంలో ప్రచురితమవుతుంది. ఇక్కడ చట్టం ‘ప్రభుత్వానికి’ అన్న మాట దగ్గర ఆగిపోయింది, ‘పార్లమెంటుకు’ అని కలిపి ఉంటే సరిపోయేది. ఆ చట్టం రాసుకున్నదీ పార్లమెంటే గనుక, ఈ విషయంలో రిజర్వు బ్యాంకును తప్పుపట్టి ప్రయోజనం లేదు.

ప్రశ్న: పొగాకు బోర్డులో ముగ్గురు పార్లమెంటు సభ్యులు ఉంటారు. మరి వేలం కేంద్రంలో ధర పడిపోయినా, పండించవలసిన పరిమాణం తగ్గించినా మేము బోర్డును అడగాలా, ఎంపీని అడగాలా, మంత్రిని అడగాలా?
– పొగాకు రైతు, టంగుటూరు

సమాధానం: ముగ్గురినీ అడగవచ్చు, కాని అడగవలసిన విషయాలు వేరు వేరు. 1975 నాటి పొగాకు బోర్డు చట్టం లోక్‌సభ నుంచి ఇద్దరిని, రాజ్యసభ నుంచి ఒకరిని ఎన్నుకుని బోర్డులో కూర్చోబెట్టింది. వర్జీనియా పొగాకు ఎంత పండించాలో ఏటా నిర్ణయించేది, రైతులను నమోదు చేసి, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్లకు లైసెన్సులు ఇచ్చేది, ఒంగోలు, టంగుటూరు, కొండపి వంటి చోట్ల వేలం కేంద్రాలు నడిపేది ఈ బోర్డే. బోర్డు లోపల కూర్చున్న ఎంపీ ఆ నిర్ణయంలో భాగస్వామి. తాను కూడా చేయి ఎత్తిన నిర్ణయాన్ని ఆయనే బయట నుంచి తప్పుపట్టడం కష్టం. రైతు గొంతు బోర్డు గదిలో వినిపించడానికి ఈ ఏర్పాటు పనికివస్తుంది గాని, దానినే పార్లమెంటు పర్యవేక్షణగా లెక్కవేయకూడదు.

మీకు అనుకూలమైన సంగతి మరొకటి ఉంది. పొగాకు బోర్డు కేంద్ర వాణిజ్య శాఖ కింద పనిచేస్తుంది. బోర్డు ఏం చేసినా వాణిజ్య మంత్రి లోక్‌సభలో నేరుగా సమాధానం చెప్పవలసి వస్తుంది. బోర్డులో లేని ఎంపీ కూడా ప్రశ్నోత్తరాల సమయంలో పంట పరిమాణం ఎందుకు తగ్గించారని అడగవచ్చు. స్వతంత్ర మండళ్ల విషయంలో ఇంత సులువు కాదు. భారత ప్రభుత్వానికి ప్రధానంగా బాధ్యులు కాని సంస్థల అదుపులోని విషయాలను ప్రశ్నలుగా లేవనెత్తరాదనీ, న్యాయ విచారణ వంటి అధికారాలున్న సంస్థల ముందు పెండింగులో ఉన్న అంశాలను మామూలుగా అడగరాదనీ లోక్‌సభ నియమాలలోనే ఉంది. ప్రభుత్వానికి ఎంత దగ్గరగా ఉంటే సభలో అంత తేలికగా ప్రశ్నించవచ్చు. దూరం పెరిగేకొద్దీ స్థాయీ సంఘాల మీద, వార్షిక నివేదికల మీద ఆధారపడక తప్పదు.

ప్రశ్న: మీరంతా శాసనసభ్యులకు పట్టు పెరగాలంటున్నారు. నాకు భయమే వేస్తుంది. రొయ్యల గుంటలకు ఎవరికి అనుమతి, ఎవరికి కాదు అన్నది, కరెంటు ధర ఎంత అన్నది ఎమ్మెల్యేల చేతిలో పెడితే ఏమవుతుందో మా ఊళ్లో అందరికీ తెలుసు. స్వతంత్రంగా ఉండటమే మేలు కదా?
– రొయ్యల రైతు, ఇందుకూరుపేట

సమాధానం: మీ భయం సరైనదే. నిర్ణయాన్ని శాసనసభ్యుల చేతిలో పెట్టమని ఎవరూ అనకూడదు. నిర్ణయం తీసుకున్న తర్వాత దాని కారణం చెప్పమని అడగడం వేరు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లనే ఒకవైపు నాయకులు జోక్యానికి దిగుతారు, మరోవైపు మండళ్లు ప్రశ్నించడాన్నే జోక్యమని తోసిపుచ్చుతాయి.

మీ వృత్తిలోనే ఈ గీత ఎక్కడుందో చూడవచ్చు. ఆక్వా రైతులకు మండలి నిర్ణయించిన ధర యూనిట్‌కు రూ.3.85. ఆక్వా జోన్ పరిధిలోని అర్హులైన రైతులకు ప్రభుత్వం ప్రకటించిన ధర రూ.1.50. మధ్యలో ఉన్న తేడాను ప్రభుత్వం సబ్సిడీగా డిస్కంలకు ముందుగానే చెల్లించాలని విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చెబుతుంది. రూ.3.85 సరైనదా కాదా అన్నది మండలి ముందు వాదించవలసిన విషయం. రూ.1.50 ఎవరికి వర్తింపజేయాలి, ఆ డబ్బు సకాలంలో విడుదలైందా అన్నది బడ్జెట్‌ను ఆమోదించే శాసనసభ విషయం. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లకు ఖర్చు పెరిగిందని ఎమ్మెల్యేను పట్టుకుని ధర తగ్గించమనే రైతులు ఆయనను సబ్సిడీ బకాయిల గురించి అడిగితే ఆయన తప్పించుకోలేరు.

అనుమతుల విషయంలోనూ అంతే. 1996 డిసెంబరు 11న ఎస్.జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు, సంప్రదాయ పద్ధతులలో నడిచేవి తప్ప, తీరప్రాంత నియంత్రణ జోన్‌లోని రొయ్యల చెరువులను తొలగించాలని తీర్పు ఇచ్చినప్పుడు మన తీరమంతా కలవరపడింది. పరిశ్రమను ఏ షరతుల మీద బతకనివ్వాలన్నది చివరికి పార్లమెంటే నిర్ణయించవలసి వచ్చింది. అలా వచ్చినదే 2005 నాటి తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, తర్వాత 2023లో దానికి సవరణ. సముద్రపు పోటు గీతకు రెండువందల మీటర్ల లోపల చెరువుకు అనుమతి ఉండకూడదన్న నియమాన్ని ఆ 2005 చట్టంలో రాసినది పార్లమెంటు. ఫలానా రైతు గుంట ఆ గీతకు ఇవతలా అవతలా అని కొలిచి తేల్చేది అథారిటీ. రెండో పనిలో ఏ సభ్యుడూ వేలు పెట్టకూడదు. మొదటి పని చేయకుండా అంతా అథారిటీ చూసుకుంటుందని సభ్యులు తప్పుకోనూ కూడదు.

మరొక సంగతి. సభలు పట్టించుకోని చోట ఆ పని కోర్టుల మీద పడుతుంది. ఫోన్ మాట్లాడుతుండగా కాల్ తెగిపోతే ఒక్కొక్క దానికి రూపాయి చొప్పున, రోజుకు మూడింటి వరకు కంపెనీలు పరిహారం ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన నిబంధనను 2016 మే నెలలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. నిబంధనలు చేసే ముందు ప్రజల అభిప్రాయాలు తీసుకుని, వాటికి కారణాలతో బదులు చెప్పే పద్ధతిని నియంత్రణ సంస్థలన్నిటికీ వర్తించేలా ఒక చట్టం చేస్తే బాగుంటుందని పార్లమెంటుకు అప్పుడే సూచించింది. అటువంటి చట్టం నేటికీ రాలేదు. రెండో పరిపాలనా సంస్కరణల సంఘం కూడా నియంత్రణ సంస్థల పర్యవేక్షణ ఆయా శాఖల స్థాయీ సంఘాల ద్వారా జరగాలని 2009లోనే చెప్పింది.

ప్రశ్న: ఈ మండళ్లకు సమాచార హక్కు చట్టం వర్తిస్తుందా?
– గృహిణి, సింగరాయకొండ

సమాధానం: వర్తిస్తుంది. చట్టం ద్వారా ఏర్పడిన సంస్థలన్నీ దాని పరిధిలోకే వస్తాయి. బ్యాంకుల తనిఖీ వివరాలు ఇవ్వబోమన్న రిజర్వు బ్యాంకు వాదనను సుప్రీంకోర్టు 2015లో తోసిపుచ్చింది కూడా.

ప్రశ్న: మా మండలంలో ఎమ్మెల్యే గారితో రైతుల సమావేశం పెడుతున్నాము. కరెంటు ధర తగ్గించమని వినతిపత్రం ఇస్తే సరిపోతుందా, ఇంకేమైనా అడగాలా?
– రైతు సంఘం కార్యకర్త, ఆత్మకూరు

సమాధానం: ఆ వినతిపత్రం చేరవలసింది నియంత్రణ మండలికి. ఎమ్మెల్యే గారికి ఇస్తే ఆయన దానిని తీసుకుని దండం పెట్టి వెళ్లిపోతారు, ఎందుకంటే అందులో ఆయన చేయగల పని ఏదీ లేదు. ఆయనను అడగవలసినవి ఆయన పరిధిలో ఉన్నవి. నియంత్రణ మండలి వార్షిక నివేదిక ఏ సంవత్సరానిది చివరిసారిగా సభ ముందుకు వచ్చింది? మండలి పద్దుల మీద కాగ్ ఇచ్చిన నివేదిక దానితో పాటు వచ్చిందా? ఇంధన సర్దుబాటు నిబంధన మారినప్పుడు ఆ రెగ్యులేషన్‌ను ఉభయ సభల ముందు ఉంచారా, ఉంచితే ఏ తేదీన? మీ నియోజకవర్గానికి సంబంధించిన వ్యవసాయ సబ్సిడీ మొత్తం డిస్కంకు ఎంత చేరింది, ఎంత బాకీ ఉంది? ఇవి నాలుగూ సభలో లిఖితపూర్వక ప్రశ్నలుగా వేయదగినవి. జవాబు రాతలో వస్తుంది, రికార్డులో ఉంటుంది.

ధర విషయంలో మీ సంఘం స్వయంగా మండలి ముందుకు వెళ్లవచ్చు. వచ్చే ఆర్థిక సంవత్సరపు ప్రతిపాదనలు సాధారణంగా నవంబరు చివరికి దాఖలవుతాయి, పత్రికలలో ప్రకటన వస్తుంది, జనవరి ప్రాంతంలో బహిరంగ విచారణ జరుగుతుంది. న్యాయవాది అక్కరలేదు, అభ్యంతరం తెలుగులో రాసి గడువులోగా మండలికి ఒక ప్రతి, డిస్కంకు ఒక ప్రతి పంపితే చాలు. మీరు నెల్లూరు జిల్లావారు కాబట్టి డిస్కం ప్రతి తిరుపతిలోని దక్షిణ డిస్కం ప్రధాన కార్యాలయానికి వెళ్లాలి. ప్రకాశం జిల్లావారు విజయవాడలోని మధ్య డిస్కంకు పంపాలి. విచారణలో స్వయంగా మాట్లాడదలచుకుంటే ఆ సంగతి అభ్యంతరంలోనే రాయండి. మీ ఎమ్మెల్యే గారిని కూడా ఒక అభ్యంతరదారుగా సంతకం పెట్టమని అడగండి. ధర మీద మాట్లాడాలని ఆయనకు నిజంగా ఉంటే ఆ వేదిక మీకెంత తెరిచి ఉందో ఆయనకూ అంతే తెరిచి ఉంది.